కుట్టుమిషను సొరుగులో పుస్తకం: ఒక పాఠకురాలితో తొమ్మిది నెలలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి శాఖా గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్‌ని. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు మా వేళలు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పేపరు చూసుకునే పెద్దవాళ్ళు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. చదవాలని మనసులో ఉండి కూడా చదవలేక ఆగిపోయినవాళ్ళు మా గుమ్మం దాకా రారు. అలాంటి ఒకావిడ 2023 జూన్‌లో మా వరండా బెంచీ మీద కూర్చుని కనిపించారు. ఆ తర్వాత తొమ్మిది నెలల్లో నేను ఏం చేశానో, ఎక్కడ పొరపాటు పడ్డానో రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు మాత్రం చెప్పను. నేను అక్కా అని పిలుస్తాను, ఇక్కడా అక్క అనే రాస్తాను.

అక్కకు అప్పటికి నలభై నాలుగేళ్ళు. టైలరు. జాకెట్లు కుడతారు, చీరలకు ఫాల్ వేస్తారు, పికో చేస్తారు. ఇంటి ముందు గదే షాపు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. కూతురు డిగ్రీ పూర్తిచేసి మా దగ్గర కూర్చుని పరీక్షలకు చదువుకునేది. సాయంత్రం ఏడింటికి కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, లోపలికి రాకుండా బయటే కూర్చునేవారు. లోపలికి రమ్మంటే, "నాకెందుకు మేడమ్, నాకు సదువు లేదు కదా" అన్నారు.

రెండు మూడు రోజులు మాట కలిపితే అసలు సంగతి తెలిసింది. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒకరింటికి చందమామ వచ్చేదట. అది అడిగి తెచ్చుకుని, చదువురాని నానమ్మకు పైకి చదివి వినిపించేవారట. బడి మానేశాక పుస్తకం పట్టుకున్నది లేదు. మధ్యలో రెండు మూడుసార్లు కూతురి పుస్తకాలు తీసి చూశారట. "ఏటో మేడమ్, పుస్తకం పట్టుకుంటే నిద్దరొచ్చేస్తాది. తల బరువెక్కిపోతాది" అన్నారు. ఈ మాటను నేను అప్పుడు సరిగ్గా వినలేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

నేను చేసిన మూడు పొరపాట్లు

జూన్ చివరికి అక్కను మెంబరుగా చేర్చి, నాకు చాలా ఇష్టమైన ఒక నవల ఇచ్చాను. నాలుగు వందల పేజీల పైమాటే. ఆ పుస్తకం నన్ను మార్చింది కాబట్టి ఆమెను కూడా కదిలిస్తుందనుకున్నాను. పదిహేను రోజుల గడువు నాటికి పుస్తకం తిరిగొచ్చింది. జాకెట్టు గుడ్డ ముక్క ఒకటి గుర్తుగా పెట్టారు, అది తొమ్మిదో పేజీలో ఉంది.

గ్రంథాలయ శాస్త్రం చదివిన ప్రతి ఒక్కరికీ ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలు నోటికి వస్తాయి. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఉండాలి అన్నది రెండోది. నేను ఆమెకు ఇచ్చింది నా పుస్తకం.

రెండోసారి వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఇచ్చాను. సన్నగా ఉంది కదా, సులువుగా ఉంటుందనుకున్నాను. అది మూడో రోజుకే తిరిగొచ్చింది. "మంచి మాటలే మేడమ్, కానీ ఎవరో కేకలేస్తున్నట్టు ఉంది" అన్నారు.

మూడోది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఒక నోటుపుస్తకం ఇచ్చి, రోజుకు ఇరవై పేజీలు చదివి టిక్కు పెట్టమన్నాను. మొదటి వారం టిక్కులన్నీ ఉన్నాయి. రెండో వారం నుంచి అక్క మా వైపు రావడం మానేశారు. కూతురు ఒక్కతే వెళ్ళిపోయేది. ఏమైందని అడిగితే ఆ అమ్మాయి కాసేపు నసిగి, "అమ్మ టిక్కులు ఊరికే పెట్టేసింది మేడమ్. మీకు అబద్ధం చెప్పానని రావడానికి సిగ్గుపడుతోంది" అంది.

ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. ముప్పై ఏళ్ళ తర్వాత పుస్తకం వైపు ఒక అడుగు వేసిన మనిషిని, నేను హోంవర్కు చేయని పిల్లలా మార్చేశాను. పుస్తకం ఇంట్లో ఉండటమే ఆమెకు టెన్షన్ అయిపోయింది.

సూదిలో దారం

2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢం అయ్యాక జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక మాసమే. రెండు నెలలు వరసగా ముహూర్తాలు లేవు, టైలర్లకు పని తక్కువ. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. దానికి జాకెట్టు కుట్టించుకునే వంకతో ఆగస్టు మొదట్లో నేనే అక్క షాపుకు వెళ్ళాను. పుస్తకం మాట ఎత్తలేదు. కొలతలు తీసుకుంటుంటే గది చుట్టూ చూస్తూ కూర్చున్నాను.

మిషను మీద దారం తెగింది. అక్క సూదిని ట్యూబులైటు కిందకు తీసుకెళ్ళి, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించారు. తర్వాత, "అమ్మా, ఈ దారం ఎక్కించు" అని కూతుర్ని పిలిచారు. ఆ అమ్మాయి మామూలుగా వచ్చి ఎక్కించి వెళ్ళింది. చేత్తో కుట్టే హెమ్మింగ్, హుక్కులు కూడా ఏడాదిగా కూతురే చేస్తోందట. మిషను కుట్టు మాత్రం అక్క చేతికి ఎంత అలవాటంటే కన్ను పెద్దగా పెట్టనక్కర్లేదు.

చత్వారం. నలభై దాటితే దాదాపు అందరికీ వస్తుంది. వయసుతో కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువుల మీద చూపు నిలవదు. అయినా ఎలాగోలా చూడాలని బలవంతం చేస్తే కళ్ళు అలుస్తాయి, తల బరువెక్కుతుంది, నిద్ర వచ్చినట్టు ఉంటుంది. అక్క మొదటి రోజే ఈ మాటలు చెప్పారు. నేను వాటిని ఆసక్తి లేకపోవడం అనుకున్నాను. నేనిచ్చిన మూడింటిలో రెండు సన్నటి అక్షరాల పుస్తకాలు.

ఆ వారంలోనే కంటి పరీక్ష చేయించుకున్నారు. రెండు కళ్ళకూ ప్లస్ 1.25. కళ్ళద్దాలు పెట్టుకున్న రోజు మొదట చేసిన పని సూదిలో దారం ఎక్కించడం.

చదవడం వచ్చు, కానీ నెమ్మది

కళ్ళద్దాలతో తలనొప్పి పోయింది గానీ ఇష్టం పుట్టలేదు. ఎందుకో తెలుసుకోవడానికి మూడో తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీ ఇచ్చి పైకి చదవమన్నాను. ముందే చెప్పాను, ఇది పరీక్ష కాదు, డాక్టరు నాడి చూసినట్టే అని. నిమిషానికి 41 పదాలు వచ్చాయి. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యే పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. అక్కకు అక్షరాలు, గుణింతాలు, వత్తులు అన్నీ వచ్చు. తప్పులు కూడా చాలా తక్కువ. కానీ ప్రతి పదాన్నీ కూడబలుక్కుంటున్నారు.

ఇక్కడ తెలుగులో ఉన్న ఒక ఇబ్బంది చెప్పాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "బడి నుంచి వచ్చి, సంచి మూల పడేసి, అన్నం కూడా తినకుండా చెరువు గట్టు వైపు పరుగెత్తుతున్న కొడుకును చూసి తల్లి ఏమీ అనలేదు." తిట్టిందా, నవ్విందా, ఊరుకుందా అన్నది ఆఖరి మాట దాకా తెలియదు. వేగంగా చదివేవాళ్ళకు ఇది హాయి. కూడబలుక్కునేవాళ్ళకు మాత్రం చివరి మాటకు వచ్చేసరికి మొదటి మాట మరుపున పడుతుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. ఇలా పది వాక్యాలు చదివితే ఎవరికైనా విసుగొస్తుంది. దానికి తోడు మనకు పదాలు అతుక్కుని పొడుగవుతాయి. "వెళ్ళిపోతున్నప్పుడల్లా" ఒక్కటే పదం, కానీ అక్క దాన్ని మూడు ముక్కలుగా విడదీసి చదివి, తిరిగి కలుపుకోవాల్సి వచ్చేది.

కాబట్టి ముందు ఇష్టం, తర్వాత వేగం అనే వరస అక్క విషయంలో కుదరదని నాకు అర్థమైంది. కొంత వేగం వస్తే తప్ప కథ కథలా వినిపించదు. ఆ వేగం రావాలంటే చాలా సులువైనవి, చిన్న వాక్యాలున్నవి, పెద్ద అక్షరాలున్నవి ఎక్కువగా చదవాలి.

పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. వారానికి మూడు సాయంత్రాలు, కూతురి కోసం వచ్చినప్పుడు పది నిమిషాలు. ఒక పేజీ నేను పైకి చదువుతాను, అక్క వేలు పెట్టి చూస్తారు. తర్వాత అదే పేజీ ఆమె చదువుతారు. మర్నాడు అదే పేజీ ఇంకోసారి. ఒకే భాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివించడం వల్ల ధారాళత వస్తుందని అమెరికాలో జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లోనే రాశారు. నాకు మాత్రం ఇది కొత్తగా అనిపించలేదు. ఎక్కాలూ పద్యాలూ మనం నేర్చుకున్నది ఇలాగే కదా. మూడోసారి చదివేటప్పుడు అక్క గొంతులో సంభాషణ సంభాషణలా పలికింది. కథలో ముసలావిడ మాట్లాడుతుంటే ముసలావిడలాగే పలికారు. నానమ్మకు చదివి వినిపించిన ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు.

పిల్లల పుస్తకాలంటే సిగ్గు

సులువైన పుస్తకాలంటే మా దగ్గర ఉన్నవి పిల్లల పుస్తకాలే. నేషనల్ బుక్ ట్రస్ట్ వేసినవి, ప్రథమ్ బుక్స్ వాళ్ళవి, హైదరాబాద్ మంచి పుస్తకం వాళ్ళవి ఒక అల్మరా నిండా ఉన్నాయి. బొమ్మలు, పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగు వాక్యాలు. అక్క వాటిని ముట్టుకోలేదు. "ఈ వయసులో ఇవి పట్టుకెళ్తే జనం నవ్వరేటి?" అన్నారు. నిజమే. పెద్దవాళ్ళకు చిన్నపిల్లల పుస్తకం ఇచ్చి చదువుకోమంటే అది అవమానంగానే ఉంటుంది, మనం ఎంత మంచిగా చెప్పినా సరే.

దారి అక్క పక్కింట్లోనే దొరికింది. అక్కడ ఐదేళ్ళ పాప ఉంది. తల్లిదండ్రులు పనులకు వెళ్తే మధ్యాహ్నాలు అక్క షాపులోనే గుడ్డ ముక్కలతో ఆడుకుంటుంది. "పాపకు చదివి వినిపించడానికి తీసుకెళ్ళండి" అన్నాను. మర్నాడే మూడు పుస్తకాలు సంచిలో వేసుకుని వెళ్ళారు. ఇప్పుడు ఆ పుస్తకాలు పట్టుకెళ్ళడానికి ఒక గౌరవమైన కారణం ఉంది. పైగా పిల్లలు ఒకే పుస్తకాన్ని పదిసార్లు చదవమంటారు. మళ్ళీ మళ్ళీ చదివించే పని నా చేతుల్లోంచి ఆ పాప చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఈ ఒక్క మార్పు నేను చేసిన మిగతా పనులన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది. పెద్దవాళ్ళకు చదువు మీద పట్టు రావాలనుకునే తోటి లైబ్రేరియన్లకు నేను మొదట చెప్పేది ఇదే: చదివి వినిపించడానికి ఎవరినైనా చూపించండి.

శ్రావణం మింగేసిన ఇరవై మూడు రోజులు

ఆగస్టు 17న నిజ శ్రావణం మొదలైంది. రెండు నెలలుగా ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి, మీదనుంచి వరలక్ష్మీ వ్రతం. అక్క రాత్రి పన్నెండు దాకా మిషను మీదే. ఇరవై మూడు రోజులు పుస్తకం తెరవలేదు. వినాయక చవితి వెళ్ళాక వచ్చి, "పోయింది మేడమ్, అంతా మొదటికొచ్చేసింది" అన్నారు.

అప్పుడు నేను ఒక అధ్యయనం గురించి చెప్పాను. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించింది. 96 మంది ఒక్కొక్కరు ఒక కొత్త అలవాటును రోజూ ఒకే సందర్భంలో చేస్తూ వచ్చారు. అది ఆలోచించకుండా జరిగే పనిగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కానీ అంచనాలు 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉన్నాయి. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాలేదు. ఆ అలవాట్లు తిండికి, వ్యాయామానికి సంబంధించినవి, చదువుకు కాదు. అయినా ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు అయిపోవాలి అనే మాట ఎక్కడో విని దిగులుపడుతున్న మనిషికి 254 అనే అంకె ఎంతో ఊరట ఇచ్చింది.

అసలు లోపం వేరే ఉంది. అక్క చదివే వేళ రాత్రి పడుకునే ముందు. తెల్లవారి అయిదింటికి లేచే మనిషి రాత్రి పదిన్నరకు చదవగలరా? ఇద్దరం కూర్చుని ఆమె రోజు మొత్తం వేళ్ళ మీద లెక్కపెట్టాం. మధ్యాహ్నం భోజనం చేసి గిన్నెలు కడిగాక, నాలుగింటికి జనం రావడం మొదలయ్యే లోపు, ఒక అరగంట రోజూ ఖాళీ. ఆ అరగంట ఫోన్‌లో కొత్త డిజైన్లు చూడటంతో మొదలై, ఎక్కడెక్కడో తేలుతోంది. అది మానమని చెప్పలేదు. ఫోన్ లోపలి గదిలో ఛార్జింగ్ పెట్టి, ముందు పుస్తకం, తర్వాత ఫోన్ అనుకున్నాం.

పుస్తకాన్ని అల్మరాలో కాకుండా మిషను సొరుగులో పెట్టమన్నాను. బాబిన్లు ఉండేది అందులోనే. బాబిన్ కోసం సొరుగు లాగిన ప్రతిసారీ పుస్తకం కనిపిస్తుంది. కళ్ళద్దాలు కూడా అక్కడే. చదవాలనిపించినప్పుడు లేచి వెతుక్కోవాల్సి వస్తే సగం మంది అక్కడే ఆగిపోతారు. నేను కూడా ఆగిపోతాను.

నోటుపుస్తకం తీసేశాం. పేజీల లెక్క లేదు. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాం: పది పేజీలు చదివాక పుస్తకం పట్టకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, నేను ఎందుకని అడగను. ఈ నియమం ఒప్పించడానికే చాలా కష్టపడ్డాను. అక్క దృష్టిలో తీసుకున్న పుస్తకం పూర్తిచేయకపోవడం అంటే పళ్ళెంలో అన్నం వదిలేసినంత తప్పు.

"ఇలగ కూడా రాస్తారేటి?"

అక్టోబరు అంతా పిల్లల పుస్తకాలు, పాత చందమామ బౌండ్లు. ఆ బౌండ్లలో బొమ్మ లేని పేజీ అరుదు, ఒక్కో కథ నాలుగైదు పేజీలే, అరగంటకు సరిగ్గా సరిపోయేవి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. పుస్తకాలన్నీ బల్లల మీద పరిచి ప్రదర్శన పెట్టాం. అక్క మొదటిసారి తనంతట తాను బల్లల మధ్య తిరిగారు. ఒక సన్నటి కథల సంపుటి తెరిచి నిలబడే చదవడం మొదలుపెట్టారు. ఉత్తరాంధ్ర మాండలికంలో రాసిన కథలు. రెండు పేజీలయ్యాక తల ఎత్తి, "మనం మాటాడుకున్నట్టే ఉంది మేడమ్. ఇలగ కూడా రాస్తారేటి పుస్తకాల్లో?" అన్నారు.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. అప్పటిదాకా పుస్తకం అంటే ఆమెకు వేరే ఎవరో వేరే భాషలో మాట్లాడే చోటు. గిడుగు రామమూర్తి గారు మా జిల్లాలోనే, పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, దండ వేస్తాం. ప్రజలు మాట్లాడే భాషలో రాయాలని ఆయన ఎందుకంత పట్టుబట్టారో, అక్క ముఖం చూశాక నాకు ఉపన్యాసాల కన్నా బాగా అర్థమైంది. చదివేటప్పుడు కూడా తేడా తెలిసింది. చెవికి తెలిసిన మాట కంటికి తొందరగా అందుతుంది. ఆ సంపుటిలో కథలు పిల్లల పుస్తకాలకన్నా చాలా బరువైనవి, అయినా అక్క తడబడలేదు.

ఆ పుస్తకం పదకొండు రోజుల్లో పూర్తయింది. చివరి కథ చదివి ఏడ్చారట. మర్నాడు నాతో ఆ కథలో ఆడమనిషి చేసింది తప్పని గట్టిగా వాదించారు. నేను తప్పు కాదన్నాను. ఏడున్నర దాకా మాట్లాడుకున్నాం, తాళం వేయడం ఆలస్యమైంది.

సంక్రాంతికి మళ్ళీ పని ఒత్తిడి. ఆరు రోజులు తప్పాయి. ఏడో రోజు ఎవరూ చెప్పకుండానే సొరుగులోంచి పుస్తకం తీశారు.

2024 మార్చి నాటికి

సెప్టెంబరు నుంచి మార్చి వరకు, పాప కోసం తీసుకెళ్ళినవి కాకుండా, తన కోసం తీసుకున్నవి పంతొమ్మిది. వాటిలో ఏడు పది పేజీల నియమం కింద వెనక్కి వచ్చాయి. ఆ ఏడు తిరిగి రావడం నాకు మిగతా పన్నెండు పూర్తవడం కన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది, ఎందుకంటే తనకు ఏది నచ్చదో చెప్పడం ఆమెకు వచ్చింది. అదే మూడో తరగతి స్థాయిలో కొత్త పేజీ ఇచ్చి చదివిస్తే నిమిషానికి 78 పదాలు. ఇంకా పెదవులు కదుపుతూనే చదువుతారు. నేను దాన్ని మార్చడానికి ప్రయత్నించలేదు. ఆమెకు చదువు చెవి నుంచి మొదలైంది, అలాగే ఉండనిద్దాం అనుకున్నాను. పేపరు మాత్రం ఇప్పటికీ చదవరు. పెద్ద నవలలు వద్దంటారు. వారంలో నాలుగు రోజులు చదువుతారు, ఆదివారాలు అసలు చదవరు.

ఫిబ్రవరిలో తల్లీకూతుళ్ళు శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్ళారు. కారా మాస్టారు అని అందరూ పిలిచే కథారచయిత కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న తెలుగు కథల కోసమే స్థాపించిన గ్రంథాలయం అది. తిరిగొచ్చి, "ఆ బీరువాల నిండా కథలే అట. ఎంతమంది రాశారో మేడమ్" అని రెండు రోజులు అదే చెప్పారు.

మళ్ళీ ఇలాంటి కేసు వస్తే, నేను మొదటి వారంలోనే కళ్ళ గురించి అడుగుతాను. దాదాపు ఆరు వారాలు వృథా చేశాను, ఆ ఆరు వారాల్లో ఒక మనిషి తనను తాను తెలివితక్కువదాన్ని అనుకుంది. ఇప్పుడు నలభై దాటినవాళ్ళు మెంబరుగా చేరితే దరఖాస్తు తీసుకుంటూనే రెండు ప్రశ్నలు వేస్తున్నాను: కళ్ళు ఎప్పుడు చూపించుకున్నారు, రోజులో మీకు ఎవరూ అడ్డురాని అరగంట ఎప్పుడు. మా కౌంటరు మీద ప్లస్ 1, 1.5, 2 పవర్ల కళ్ళద్దాలు మూడు జతలు పెట్టాం. ఆ మూడింటికీ గుడ్డ సంచులు అక్కే కుట్టి తెచ్చారు, లోపల జాకెట్టు లైనింగు వేసి, పైన పవరు అంకె దారంతో కుట్టి. పేపరు కోసం వచ్చే ఒక పెద్దాయన గత వారం 1.5 తీసి పెట్టుకుని హెడ్డింగుల కింద ఉన్న సన్నటి అక్షరాల్లోకి మొదటిసారి దిగారు. మూసే వేళ అయిందని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.